దర్రీల వ్యాపారానికి ముందు ఏది చదవాలి: డిజైన్ పుస్తకమా, బేరం పుస్తకమా?

కొత్తవాడ మగ్గం:
మాది దర్రీలు, అదే నేల మీద పరిచే జంపఖానాలు, నేసే ఇల్లు. మగ్గం నాన్న చూసుకుంటాడు, అమ్మకాలు నావి. హైదరాబాద్ షోరూమ్ వాళ్లు రేటు చెప్పగానే నాకు నోరు పెగలదు. ఫిషర్, యూరీలు 1981లో రాసిన బేరం పుస్తకం 'గెటింగ్ టు యెస్' చదువుదామా, డాన్ నార్మన్ 'ది డిజైన్ ఆఫ్ ఎవ్రీడే థింగ్స్' చదువుదామా అని చూస్తున్నా. ఇప్పుడైతే ఒక్కదానికే తీరిక ఉంది. ఏది ముందు?

ఎనుమాముల గుమాస్తా:
ఇందులో అడిగేదేముంది తమ్మీ, బేరం పుస్తకమే. మా యార్డులో రోజూ చూస్తా, ఒకే రకం మిర్చి ఒకే పూట రెండు రేట్లకు పోతుంది. కాకపోతే ఫిషర్‌ది ప్రొఫెసర్ల పుస్తకం, క్రిస్ వాస్ 2016లో తెచ్చిన 'నెవర్ స్ప్లిట్ ద డిఫరెన్స్' తీసుకో. ఆయన ఎఫ్‌బీఐలో ఉండి బందీలను విడిపించడానికి కిడ్నాపర్లతో బేరాలాడినోడు. తక్కువ రేటు చెప్తే కాదనకుండా, 'ఆ రేటుకు నేనెట్లా ఇయ్యాలె సార్?' అని అడగమంటాడు. ఆ లెక్కేదో ఆయనే వేసుకోవాల్సి వస్తుంది.

హన్మకొండ పాఠకురాలు:
అన్నా, పక్క గల్లీలో అదే సైజు, అవే గీతల దర్రీ కాస్త తక్కువకు దొరుకుతుంటే, 'ఎట్లా ఇయ్యాలె' అన్నందుకు 'అయితే ఇయ్యకు' అని ఫోన్ పెట్టేస్తారు. మీరు వద్దన్న ఫిషర్, యూరీలే ఈ మాట చెప్పారు. ఈ బేరం తప్పితే మన చేతిలో ఇంకే దారి ఉందన్నదాన్ని బట్టే మన బలం. దానికి వాళ్లు పెట్టిన పేరు 'బాట్నా'. తమ్ముడికి ఆ ఇంకో దారి కావాలంటే ఇంకెవరూ నేయని సరుకన్నా ఉండాలి, ఇంకో కొనేవాళ్లన్నా ఉండాలి. రెంటికీ మొదలు సరుకే.

అందుకే నార్మన్ ముందు. నెట్టాలో లాగాలో తెలియక మనిషి తలుపు దగ్గర తికమకపడితే, తప్పు మనిషిది కాదు, తలుపు చేసినవాళ్లది అంటాడాయన. ఆ కంటితో మన దర్రీని చూడండి. పెళ్లి పందిట్లో పరవడానికి దానికి వంక లేదు. అదే ఫ్లాట్‌లో టైల్స్ మీద వేస్తే జారుతుంది, మూలలు లేస్తాయి, పెద్దదైతే వాషింగ్ మెషీన్‌లో పట్టదు. దర్రీ వాడటం ఈ కాలం వాళ్లకు రాదని మనం గొణుక్కుంటాం. అడుగున జారకుండా ఏదైనా కుట్టిద్దామని, మెషీన్‌లో పట్టే సైజు నేద్దామని ఎంతమంది అనుకున్నారు?

కొత్తవాడ మగ్గం:
వరంగల్ దర్రీకి 2018లోనే జీఐ, అదే భౌగోళిక గుర్తింపు, వచ్చింది కదా అక్కా. ఇంకెవరి దగ్గరా లేనిది అదే కాదా?

హన్మకొండ పాఠకురాలు:
వేరే ఊళ్లో నేసి వరంగల్ దర్రీ అని అమ్మేవాళ్లను ఆపడానికి జీఐ పనికొస్తుంది. కొత్తవాడలో మీ పక్కింటాయనదీ వరంగల్ దర్రీయే కదా. షోరూమ్ వాడు బేరానికి మీ ఇద్దరినే పోటీ పెడతాడు.

జమ్మికుంట నూలు:
ముందు ఒకటి చెప్పు తమ్మీ. నూలు నీదా, వాళ్లదా? వాళ్లు నూలిచ్చి కూలి కట్టే పద్ధతైతే డిజైన్ వాళ్లు చెప్పిందే నేయాలి, నార్మన్‌ని చదివి ఏం చేస్తావు? అప్పుడు ఫిషర్‌దే అక్కరకొస్తుంది. అదీ రేటు కోసం కాదు. ఎదుటాయన అడిగేదొకటి, ఆయనకు నిజంగా కావలసింది ఇంకొకటి అన్నదే ఆ పుస్తకం మొత్తానికి మూలం. రేటు తగ్గించమనేవాడికి అసలు భయం అమ్ముడుపోని స్టాకు గురించేమో కనుక్కో. అదే అయితే తక్కువ సరుకు తరచుగా పంపుతానని, బదులుగా అడ్వాన్స్ ఇమ్మని అడగొచ్చు. డబ్బులు ఎన్నాళ్లకు ఇస్తారు, మరకపడిన ముక్క వాపసు వస్తే నష్టం ఎవరిది, ఇవి కూడా బేరమే. మనవాళ్లు వీటి జోలికే పోరు.

పెంబర్తి ఇత్తడి:
అక్కా, డిజైన్ పుస్తకాలు చదివి అందంగా చేసి అల్మారాలో పెట్టుకున్నవాళ్లను మా దగ్గర చాలామందిని చూశా. నన్నడిగితే రెండూ పక్కనపెట్టి రాబ్ ఫిట్జ్‌పాట్రిక్ 'ద మామ్ టెస్ట్' చదవమంటా. 2013లో వచ్చింది, చిన్న పుస్తకం. కొత్త డిజైన్ చూపించి బాగుందా అంటే అమ్మ బాగుందనే అంటుంది. అట్లా కాకుండా, ఇంతకుముందు ఎప్పుడు కొన్నారు, ఎంత పెట్టారు, వాడటం ఎందుకు మానేశారు అని జరిగిన సంగతులు అడగమంటాడు.

కొత్తవాడ మగ్గం:
నూలు సగం మాది, సగం వాళ్లది. అయితే కూలి దర్రీల కోసం ఫిషర్‌ది మొదలుపెడతా. సొంత నూలుతో చిన్న సైజు ఒకటి నేద్దామని నాన్నతో అంటే, మగ్గం వెడల్పంతా వాడకపోతే గిట్టదన్నాడు. పక్కపక్కన రెండు పడతాయేమో చూడాలి. నార్మన్ పుస్తకం పాతది ఎవరి దగ్గరన్నా ఉందా?

హన్మకొండ పాఠకురాలు:
నా దగ్గరుంది, 2013లో ఆయన తిరగరాసిందే. 1988 నాటిదైతే అందులో ఉదాహరణలు మరీ పాతవి. వచ్చి తీసుకెళ్లు.

ఎనుమాముల గుమాస్తా:
మీ చిన్న సైజు మగ్గం దిగి అమ్ముడుపోయేసరికి ఎన్ని బ్యాంకు వాయిదాలు కట్టాలో అది కూడా లెక్కేసుకో తమ్మీ. నేనైతే ఇప్పటికీ వాస్ పుస్తకమే అంటా.