కొత్త కార్లపై వృత్తి సమీక్షకుల మాట నమ్మి డబ్బు పెట్టవచ్చా?

మూసీతీరం, నల్లగొండ

మా బావమరిది దసరాకు కారు తీసుకోవాలనుకుంటున్నాడు. ఆన్‌రోడ్ ధర పన్నెండు లక్షలు దాటకూడదన్నది అతని షరతు. ఏ కారు కొనాలో చెప్పమని నేను అడగడం లేదు, ఆ చర్చలు ఇక్కడ ఇప్పటికే చాలా నడిచాయి. పత్రికల్లోనూ యూట్యూబ్‌లోనూ వృత్తిగా కార్లను సమీక్షించేవారి మాట మీద అంత డబ్బు పెట్టవచ్చా అన్నదే నా ప్రశ్న. పెట్టకూడదని నా వాదన.

కొత్త మోడల్ వచ్చినప్పుడు కంపెనీ సమీక్షకులను ఉదయ్‌పూర్‌కో గోవాకో పిలుస్తుంది. విమానం టికెట్టు, హోటల్ గది, భోజనం సాధారణంగా కంపెనీ ఖర్చే. అక్కడ వరుసగా నిలబెట్టిన కార్లు దాదాపు అన్నీ టాప్ మోడళ్లే, నడపడానికి దొరికేది కొన్ని గంటలే. రివ్యూ ఏ తేదీన ఏ గంటకు బయటపెట్టాలో కూడా కంపెనీయే చెబుతుంది కనుక, ఒకే ఉదయం పది ఛానెళ్లలో అదే రంగు కారు అదే చెరువు గట్టు మీద నిలబడి కనిపిస్తుంది. ఇలా వెళ్లినవారు అబద్ధం చెబుతారని నేను అనడం లేదు. ఉప్పు తిన్న నాలుక కొంత మెత్తబడుతుందని మాత్రమే అంటున్నాను.

పరీక్షకు ఇచ్చే కారు, మనకు షోరూంలో ఇచ్చే కారు ఒకటేనా అన్నది మరో అనుమానం. సమీక్షల కోసం పంపే కార్లను ఫెరారీ ప్రత్యేకంగా తీర్చిదిద్ది పంపుతోందని బ్రిటన్ సమీక్షకుడు క్రిస్ హారిస్ 2011లో బాహాటంగా రాశాడు. అంత పేరున్న కంపెనీ మీదే ఆ మాట వచ్చినప్పుడు మిగతావాటి సంగతి ఆలోచించండి.

పాలమూరు పాఠకుడు, మహబూబ్‌నగర్

మూసీతీరం గారూ, మీరు వర్ణించింది మొదటి డ్రైవ్ మాత్రమే. దాన్ని చూసి మొత్తం వృత్తిని కొట్టిపారేయడం న్యాయం కాదు. పేరున్న పత్రికలు కొన్ని వారాల తర్వాత అదే కారును తమ ఊరికి తెప్పించుకుని రోడ్ టెస్ట్ చేస్తాయి. జీపీఎస్‌తో పనిచేసే పరికరం బిగించి, నిలబడిన బండి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో, 80 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి ఎన్ని మీటర్లు కావాలో కొలుస్తాయి. ట్యాంకు నిండా పోయించి, నగరంలో ఒకసారి, హైవే మీద ఒకసారి నడిపి, మళ్లీ నింపి మైలేజీ లెక్క కడతాయి.

కంపెనీ ప్రకటించే మైలేజీ దీనికి పూర్తిగా భిన్నమైనది. అది ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ కట్టేసి, గంటకు 90 కిలోమీటర్లు మించకుండా, నిర్ణీత క్రమంలో నడిపితే వచ్చిన సంఖ్య. మే నెల ఎండలో ఏసీ వేసుకుని జడ్చర్ల నుంచి కర్నూలు వైపు 44వ జాతీయ రహదారి మీద వంద వేగంతో పోయే మనకు ఆ సంఖ్య ఏం చెబుతుంది? కంపెనీ మాటకు ఎదురుగా నిలబెట్టడానికి మనకున్నది సమీక్షకుడు కొలిచిన సంఖ్య ఒక్కటే.

కంపెనీకి ఎదురు రాయడానికి సమీక్షకులు వెనకాడతారన్న మీ అనుమానానికి ఒక జవాబు ఉంది. లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో కార్ల సమీక్షలు రాసిన డాన్ నీల్‌కు 2004లో పులిట్జర్ బహుమతి వచ్చింది. మరుసటి ఏడాది అతను పాంటియాక్ జీ6 కారును, దానితోపాటు జనరల్ మోటార్స్ యాజమాన్యాన్నీ దులిపేస్తే ఆ కంపెనీ పత్రికకు ప్రకటనలు ఆపేసింది. కొన్ని నెలల తర్వాత తిరిగి ఇవ్వడం మొదలుపెట్టింది. డాన్ నీల్ రాయడం మానలేదు.

మూసీతీరం, నల్లగొండ

ఆ ఉదాహరణ నా వాదనకే బలం చేకూరుస్తోంది. అంత పెద్ద దినపత్రిక కాబట్టి ఆ దెబ్బ ఓర్చుకుంది. కార్ల కంపెనీల ప్రకటనలే ప్రధాన ఆదాయమైన మాసపత్రిక అంత పని చేయగలదా?

కొలతలంటారా, ఫోక్స్‌వాగన్ డీజిల్ ఇంజిన్లను ప్రపంచమంతా సమీక్షకులు ఏళ్ల తరబడి మెచ్చుకున్నారు. ప్రయోగశాల పరీక్షను సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టి, ఆ కాసేపు మాత్రమే పొగను అదుపులో పెడుతోందని ఏ సమీక్షకుడూ పట్టుకోలేదు. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం వారు కార్లకు కొలత పరికరాలు తగిలించి రోడ్డు మీద తిప్పి, 2014లో తేడాను బయటపెట్టారు. 2015 సెప్టెంబరులో అక్కడి పర్యావరణ సంస్థ నోటీసు ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో మన దేశంలోనూ 3 లక్షల 23 వేలకు పైగా కార్లను వెనక్కి పిలుస్తున్నట్లు కంపెనీ ప్రకటించింది. ఇంతమంది నిపుణులు నడిపి చూసిన బండ్లే కదా ఇవన్నీ!

హాలియా చౌరస్తా

పెద్ద పత్రికల గురించి మీరిద్దరూ వాదించుకుంటున్నారు గానీ, మన జిల్లాల్లో కారు కొనేవాడు చూసేది ఫోనులో తెలుగు వీడియోలు. వాటిలో చాలా వరకు షోరూం ఆవరణలో, షోరూం వారి కారు చుట్టూ తిరుగుతూ, చివర్లో సేల్స్ మేనేజరు ఫోన్ నంబరు చూపించే వీడియోలు. వాటిని రివ్యూ అనడం రివ్యూకే అవమానం.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్రం 2022 జూన్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. డబ్బు మాత్రమే కాదు, ఉచిత ప్రయాణం, హోటల్ బస కూడా ప్రేక్షకుడికి వెల్లడించాల్సిన సంబంధమేనని 2023 జనవరిలో వివరించింది. ఉల్లంఘిస్తే మొదటిసారి 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. ‘ఈ ప్రయాణం ఖర్చు కంపెనీది’ అన్న ఒక్క వాక్యం వీడియో మొదట్లో వినిపించకపోతే నేను అక్కడే ఆపేస్తాను.

గ్యారేజి గడప, జడ్చర్ల

సార్లూ, నేను రివ్యూలు తక్కువ చూస్తాను, బండ్లను ఎక్కువ చూస్తాను. సమీక్షకులు అమ్ముడుపోయారా లేదా అన్న వాదనలో మీరు ఒక సంగతి వదిలేస్తున్నారు. ఎంత నిజాయితీపరుడైనా రెండు రోజుల్లో కనిపించనిదాన్ని ఎలా చెబుతాడు? మెతుకు పట్టి చూస్తే అన్నం ఉడికిందో లేదో తెలుస్తుంది, రేపటికి నిలవ ఉంటుందో లేదో తెలియదు.

ఒక ఉదాహరణ చెబుతాను. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పటి నుంచి డీజిల్ కార్లలో పొగ గొట్టం వరుసలో మసిని పట్టే ఫిల్టరు ఉంటోంది, దాన్నే డీపీఎఫ్ అంటాం. పట్టిన మసి కాలాలంటే పొగ బాగా వేడెక్కాలి, అందుకు బండి కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో నడవాలి. సమీక్షకుడు నడిపేదే హైవే మీద, అదీ దూకుడుగా, కాబట్టి అతనికి ఆ ఫిల్టరు ఉన్నట్లే తెలియదు. ఇంటి నుంచి బడికి, బడి నుంచి బజారుకు, సాయంత్రం పొలానికి మూడేసి కిలోమీటర్లు తిరిగే మన బండిలో ఆ వేడి పుట్టదు. మసి కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చల్లుతుంది, మధ్యలోనే తాళం తిప్పి బండి ఆపేస్తాం, కాలని డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్లోకి దిగుతుంది. అలాంటి బండి షెడ్డుకు వస్తే నేను మొదట డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే కడ్డీ, తీసి చూస్తాను. ఆయిల్ తగ్గాల్సింది పోయి పై గీత దాటి ఉంటుంది, వేలికి రాసుకుంటే పలచగా జారుతుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన కొడుతుంది. డీపీఎఫ్ హెచ్చరిక దీపం అప్పుడే వెలిగిన బండి అయితే ఓనరునే పక్కన కూర్చోబెట్టుకుని షాద్‌నగర్ వైపు హైవే ఎక్కించి, ఒక గేరు తక్కువలో ఇంజిన్ తిరుగుడు పెంచి నడుపుతాను, చాలా వాటికి దీపం ఆరిపోతుంది. ముదిరిపోయిన వాటిని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పంపడమే. ‘రివ్యూలో ఇంజిన్ బ్రహ్మాండం అన్నారే’ అని ఓనర్లు నా మీద విసుక్కుంటారు. ఇంజిన్ బ్రహ్మాండమే, కాకపోతే అది మన తిరుగుడుకు చేసింది కాదు.

గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు, దాని సంగతీ అంతే. కంపెనీలు సాధారణంగా చెప్పే ఎత్తు ఖాళీ బండిది. పెద్ద ఎస్‌యూవీలపై అప్పట్లో ఉన్న సెస్సు కోసం 170 మిల్లీమీటర్ల ఎత్తును లెక్కించేటప్పుడు ఖాళీ బండినే కొలవాలని 2023 జూలైలో జీఎస్టీ మండలి కూడా తేల్చింది. సమీక్షకుడి బండిలో అతనూ, కెమెరా పట్టుకున్న మరొకరూ ఉంటారు. కురుమూర్తి జాతరకు పోయే బండిలో అయిదుగురు పెద్దలు, ఒళ్లో ఇద్దరు పిల్లలు, డిక్కీ నిండా వంట సామాను. మా దగ్గర ఊళ్లవాళ్లు సొంతంగా పోసుకున్న స్పీడ్ బ్రేకర్ల మీద ఆ బండి అడుగు రాసుకున్న చప్పుడు ఏ వీడియోలోనూ వినపడదు.

డిండి దారి, దేవరకొండ

గ్యారేజి అన్న చెప్పింది చదివాక నాకు చాలాకాలంగా ఉన్న ఒక అసంతృప్తిని ఇక్కడ రాయాలనిపించింది. ఈ సమీక్షలు దాదాపు అన్నీ స్టీరింగ్ వెనుక కూర్చున్న మగవారి మాటలు, అదీ ముంబై, పుణె, ఢిల్లీ నుంచి వచ్చేవి. మా ఇంట్లో కారు నడిపేది ఒక్కరు, వెనుక కూర్చునేది ముగ్గురు. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పైన పట్టుకోవడానికి పిడి వెతుక్కుంటూ ఎక్కుతుంది. వెనుక డోరు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుంది, గుమ్మం ఎత్తు ఎంత, సీటు మరీ లోతుగా ఉండి లేవడానికి ఊతం కావాల్సి వస్తుందా అన్నవి ఆమెకు ఇంజిన్ కన్నా ముఖ్యమైనవి. నేను చూసిన రివ్యూల్లో ‘నా ఎత్తుకు సీటు సెట్ చేసుకున్నాక వెనుక మోకాళ్లకు ఇంత జాగా మిగిలింది’ అన్న ఒక్క వాక్యంతో వెనుక సీటు అధ్యాయం ముగుస్తుంది.

సన్‌రూఫ్‌కు మాత్రం మూడు నిమిషాలు కేటాయిస్తారు. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ ఎండలో గంటసేపు నిలబెట్టిన కారులో, నెత్తి మీద అంత అద్దం ఉంటే వెనుక సీటు చల్లబడటానికి ఎంతసేపు పడుతుందో ఒక్కరైనా కొలిచి చెప్పమనండి. థర్మామీటరు ఖరీదైన పరికరమేమీ కాదు.

పాలమూరు పాఠకుడు, మహబూబ్‌నగర్

అక్కా, మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నా వాదన కూడా అదే దిక్కుగా పోతోంది, కొలిచింది నమ్మవచ్చు, కొలవనిది నమ్మకూడదు.

మూసీతీరం గారి ఫోక్స్‌వాగన్ ఉదాహరణకు జవాబుగా మరో చరిత్ర గుర్తుచేస్తాను. ఒకప్పుడు మన రివ్యూల్లో కారు గట్టిదనాన్ని డోరు మూసినప్పటి చప్పుడును బట్టి అంచనా వేసేవారు. ‘దబ్’ మంటే గట్టిది, ‘టప్’ మంటే డొల్ల. 2014 జనవరిలో కార్ల భద్రతను పరీక్షించే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ మన మార్కెట్టులోని ఐదు చిన్న కార్ల ఎయిర్‌బ్యాగులు లేని మోడళ్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూస్తే, పెద్దల రక్షణలో అయిదింటికీ సున్నా నక్షత్రాలే వచ్చాయి. ఆ అయిదింటిలో జర్మన్ గట్టిదనానికి పేరుపడ్డ ఫోక్స్‌వాగన్ పోలో కూడా ఉంది. ఆ తర్వాతే కొనేవారు అడగడం, రాసేవారు రాయడం మొదలైంది. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్‌కు అయిదు నక్షత్రాలు వచ్చాయి, 2023 అక్టోబరు 1 నుంచి మనకు సొంతంగా భారత్ ఎన్‌క్యాప్ ఉంది. అది తప్పనిసరి కాదు, కంపెనీ తనంతట తాను ముందుకొస్తేనే పరీక్ష. పరీక్షకు పంపని కారు గురించి సమీక్షకుడు ఆ మాట ఎత్తకుండా దాటేస్తే, ఆ మౌనాన్ని మాత్రం నేను క్షమించను.

ఇక కంపెనీ ఆతిథ్యం సమస్యకు పరిష్కారం లేకపోలేదు. అమెరికాలో 1936 నుంచి ఉన్న కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే వినియోగదారుల సంస్థ ప్రకటనలు తీసుకోదు. కార్లను డీలర్ల దగ్గర తానెవరో చెప్పకుండా సొంత డబ్బుతో కొని పరీక్షిస్తుంది, ఏ కారు ఎంతకాలం మన్నుతుందన్నది లక్షల సంఖ్యలో ఉన్న యజమానులను అడిగి లెక్కగడుతుంది. గ్యారేజి గడప గారు అన్న ‘రేపటి సంగతి’ తెలిసేది అలాగే. దాన్ని ప్రధానంగా నడిపించేది చందాదారుల డబ్బు. పన్నెండు లక్షల కారు కొనేవాడు రివ్యూకు వంద రూపాయలు కూడా పెట్టకుండా, సమీక్షకులు ఖర్చు పెట్టిన కంపెనీ పక్షాన మాట్లాడుతున్నారని ఆక్షేపించడంలో నాకు కొంచెం విడ్డూరం కనిపిస్తుంది.

హాలియా చౌరస్తా

వంద రూపాయల మాట బాగుంది. మా వైపు వంద రూపాయల పెట్రోలు పోయించుకోవడానికే నాలుగుసార్లు ఆలోచిస్తారు.

మూసీతీరం, నల్లగొండ

పాలమూరు పాఠకుడు గారూ, బ్రేకు దూరం, నింపి కొలిచిన మైలేజీ, క్రాష్ టెస్టు నక్షత్రాలు, ఈ మూడింటి వరకు నేను మీతో వస్తాను. ‘నడకలో పరిణతి ఉంది’, ‘కుటుంబానికి సరైన ఎంపిక’ లాంటి మాటల దగ్గర మాత్రం ఆగిపోతాను, ఎందుకంటే ఆ కుటుంబం ఎవరిదో ఆ రాసినవారికి తెలియదు. మీరన్న వంద రూపాయలకు తగ్గట్టు సొంతంగా కార్లు కొని పరీక్షించే పత్రిక తెలుగులో వస్తే మొదటి చందా నాదే. అది వచ్చేదాకా నా అభిప్రాయం మారదు.

బావమరిదికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. అతని రోజువారీ తిరుగుడు నల్లగొండ పట్టణం లోపలే కాబట్టి జాబితాలో ఉన్న డీజిల్ కారును కొట్టేశాడు. మిగిలిన రెండింటి టెస్ట్ డ్రైవ్‌కు మా అత్తగారిని వెనుక సీట్లో కూర్చోబెట్టుకుని, మధ్యాహ్నం రెండు గంటలకు, కారు ఎండలో నిలబెట్టి ఉన్నప్పుడే ఇవ్వాలని షోరూం వారికి చెప్పాడు. సాయంత్రం అయితే బాగుంటుంది కదా అన్నారట వాళ్లు. కుదరదన్నాడు.