మౌల్వీలు పార్టీ పెట్టి పోటీ చేయడం తప్పా?

శాతవాహన: పాకిస్తాన్, బంగ్లాదేశ్ చూశాక కూడా ఉలేమాలకు, అంటే మత పండితులకు, పార్టీలు ఉండొచ్చని ఎవరైనా అంటారా? అసలు వాళ్లను పోటీకే రానివ్వకూడదు. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

గల్ఫ్ బాటసారి: నేను కాదంటాను. షార్జాలో ఆరేళ్లు నాతో ఒకే గదిలో ఉన్న డ్రైవర్‌ది పాకిస్తాన్‌లో మర్దాన్ దగ్గర పల్లె. 2002 ఎన్నికల ముచ్చట అతని నోటే విన్నాను. ఆరు మత పార్టీలు కలిసి ముత్తహిదా మజ్లిస్-ఎ-అమల్ అనే కూటమిగా నిలబడ్డాయి. గుర్తు పుస్తకం. ఊరి మౌల్వీ దాన్ని చూపించి "ఇది ఖురాన్, దీన్ని కాదని ఇంకోదాని మీద ముద్ర వేస్తారా?" అంటే వాళ్లమ్మ వణికిపోయిందట. అప్పుడే సైనిక పాలకుడు ముషారఫ్ పోటీకి డిగ్రీ ఉండాలన్నారు, మదరసా ఇచ్చే సనదు (చదువు పత్రం) డిగ్రీతో సమానమన్నారు. డిగ్రీ లేని పాత నాయకులు ఇంట్లో కూర్చుంటే మౌల్వీలకు దారి దొరికింది. పక్కన అఫ్గానిస్తాన్‌పై అమెరికా దాడి మీద కోపం సరేసరి.

మర్దాన్ ఉన్న వాయవ్య సరిహద్దు రాష్ట్రంలో ప్రభుత్వం ఆ కూటమిదే అయింది. బస్సుల్లో పాటలు ఆపించారు. జనం నడవడి మీద కన్నేసే అధికారి కోసం 2005లో హస్బా బిల్లు పాస్ చేస్తే, అందులో చాలా భాగాలు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది. 2008లో జనం మత పార్టీ కాని అవామీ నేషనల్ పార్టీని గెలిపించారు. నేననేది ఇదే, ఓటడిగిన మౌల్వీని ఓడించొచ్చు. ఢిల్లీ జామా మసీదు షాహీ ఇమాం 1977లో జనతాకు, 1980లో కాంగ్రెస్‌కు వేయమన్నారు. ఆయన్ని ఏ ఎన్నికలో ఓడించాలి?

పాతబస్తీ వాసి: అన్నా, 2008లో ఆ కూటమిలోని జమాతే ఇస్లామీ ఎన్నికలను బహిష్కరించింది, కూటమి చీలింది. జనమే ఓడించారంటే సగం నిజమే. 2017 నవంబరు చూడండి. అభ్యర్థుల ప్రమాణపత్రంలో మాట మార్చారని తెహ్రీకె లబ్బైక్ అనే మత పార్టీ వాళ్లు ఇస్లామాబాద్ పక్కన ఫైజాబాద్ కూడలిలో మూడు వారాలు బైఠాయించారు. న్యాయశాఖ మంత్రి రాజీనామా చేశాకే లేచారు. మరుసటి ఏడాది 20 లక్షలకు పైగా ఓట్లు వచ్చినా జాతీయ అసెంబ్లీలో ఒక్క సీటూ రాలేదు. సీటే లేనివాళ్లను ఓటుతో ఎలా దించుతారు?

నా బాధ ఇంకొకటి ఉంది. జుమ్మా నమాజులో నా ముందు నిలబడే ఇమాం ఫలానా పార్టీ మనిషని తెలిశాక, ఆయన వెనక సఫ్‌లో (నమాజు వరుసలో) నిలబడటానికి మనసు రాదు. మసీదు నాది కూడా కదా.

శాతవాహన గారూ, నిషేధమూ పనిచేయదు. బంగ్లాదేశ్ హైకోర్టు 2013లో అక్కడి జమాతే ఇస్లామీ రిజిస్ట్రేషన్ చెల్లదంది. 2025లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. మధ్యలో పార్టీ ఎక్కడికీ పోలేదు.

గల్ఫ్ బాటసారి: 2008 బహిష్కరణ సంగతి ఒప్పుకుంటున్నా. కానీ 2018లో పాకిస్తాన్ జమాత్‌తో సహా కూటమి మళ్లీ కలిసి, అదే పుస్తకం గుర్తుతో దిగింది. అయినా కూటమి నాయకుడు ఫజ్లుర్ రెహ్మాన్ సొంత డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో రెండు సీట్లలోనూ ఓడారు. ఫైజాబాద్‌కు నా దగ్గర జవాబు లేదు. అక్కడ భయపడింది ఓటరు కాదు, ప్రభుత్వం. మీ మసీదు మాట మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది.

ఆ డ్రైవర్ వాళ్లమ్మ 2008లో పుస్తకానికి వేయలేదట. ఎందుకని కొడుకు ఫోన్లో అడిగితే, "ఐదేళ్లయినా ఊరికి నీళ్లు రాలేదు, ఖురాన్ మన ఇంట్లో గూట్లో భద్రంగానే ఉంది" అందట.