ఫోను కవరులోని అయస్కాంతానికి ఏటీఎం కార్డు పాడవుతుందా?

ప్రశ్న (పాలకొల్లు)
మూతకు అయస్కాంతపు బిళ్ల ఉన్న ఫోను కవరులోనే రెండేళ్లుగా నా డెబిట్ కార్డును పెట్టుకుంటున్నాను. మొన్న భీమవరంలో ఏటీఎం దాన్ని చదవలేక రెండుసార్లు వెనక్కి ఇచ్చేసింది. అయస్కాంతం వల్ల చిప్పు పోయిందని మా బావగారు గట్టిగా అంటున్నారు. నిజమేనా అండి?

జవాబు (అమలాపురం)
మీ బావగారి మాట కార్డు వెనుకనున్న నల్లపట్టీ విషయంలో కొంత నిజమే కాని, చిప్పు విషయంలో కాదండి. పట్టీలోని సమాచారం అయస్కాంత రేణువుల అమరికలోనే ఉంటుంది కనుక, తగినంత బలమైన అయస్కాంతం ఆనుకుంటే చెరిగిపోతుంది. అయితే పట్టీలన్నీ ఒకే రకం కావు: హోటల్ గది తాళం కార్డులకు తరచుగా వాడే రకం సుమారు 300 ఓయర్‌స్టెడ్‌లకే (అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణం) లొంగిపోతుంది, బ్యాంకు కార్డుల మీద సాధారణంగా ఉండే రకానికి 2750 వరకూ కావాలి. ఫ్రిజ్ మీది బొమ్మ దాన్ని ఏమీ చేయలేదు. నియోడిమియం అనే చాలా బలమైన రకం అయస్కాంతపు బిళ్ల నేరుగా పట్టీకి రాసుకుంటే మాత్రం అనుమానించవలసిందే. చిప్పు సంగతి వేరు. దాని జ్ఞాపకం విద్యుదావేశం రూపంలో ఉంటుంది కాబట్టి ఇంట్లో దొరికే అయస్కాంతాలకు చెక్కుచెదరదు. మీ ఏటీఎం చదవలేనిది చిప్పునే అయితే కవరు మీద నింద వేయలేము.

జవాబు (నరసాపురం)
రొయ్యల చెరువు గట్ల మీద తిరిగేవాణ్ని కనుక నా అనుమానం ఉప్పుతేమ మీద. నా కార్డు చిప్పు మీది పసుపు రేకుల గళ్ల మధ్య తెల్లని పొర పేరుకుంది. పొడి మెత్తని గుడ్డతో తుడిచాక మళ్లీ పనిచేసింది. మీ కార్డుమీద వంపు తిరిగిన నాలుగు గీతల గుర్తు ఉంటే, ఏదైనా దుకాణంలో మిషన్‌కు తాకించి చూడండి. తాకించినప్పుడు పనిచేసేదీ అదే చిప్పు, కాకపోతే లోపలి తీగచుట్ట ద్వారా. అది పనిచేస్తే తప్పు పైరేకులదే.

ప్రశ్న అడిగినవారు
మందుల షాపులో తాకిస్తే వెంటనే పనిచేసిందండి. దీపం వెలుగులో పట్టుకుని చూస్తే రేకుల మీద నల్లని జిడ్డు కనబడింది, తుడిచాను. రేపు ఏటీఎంలో పెట్టి చూస్తాను.

జవాబు (అమలాపురం)
అప్పటికీ చదవకపోతే కొత్త కార్డు అడగండి. కవరు మార్చనక్కరలేదు, పట్టీ వైపు మాత్రం బిళ్లకు తగలకుండా తిప్పి పెట్టుకోండి. ఎంఆర్‌ఐ గదిలోకి మాత్రం ఏ కార్డూ తీసుకువెళ్లకండి, అక్కడి అతి బలమైన అయస్కాంత క్షేత్రం ముందు ఏ పట్టీ నిలవదు.