ఫోర్ హైలో ‘టక్’ మంటే చైన్ పోయినట్టేనా?

పాతట్రక్కు:
నాది పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ డ్రైవ్. టూ హైలో (వెనక చక్రాలకే లాగుడు) ఏ చప్పుడూ లేదు. ఫోర్ హై (నాలుగు చక్రాలకూ లాగుడు) వేసి మట్టి ఎత్తు ఎక్కిస్తూ గట్టిగా తొక్కితే మాత్రం కింద ‘టక్, టక్’మని దెబ్బ. మెకానిక్ ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక షాఫ్ట్‌లకు శక్తి పంచే పెట్టె) దించి, ముందు షాఫ్ట్‌ని తిప్పే లోపలి చైన్ మార్చాలంటున్నాడు. దించమంటారా?

స్పానర్‌సెట్:
దించేయండి. లోడ్ పడ్డప్పుడే కొడుతోందంటే సాగిన చైన్ స్ప్రాకెట్ పళ్ళ మీంచి ఎగురుతోంది. ఇలాగే నడిపితే చైన్ కేస్ లోపలి గోడను గీరి కేస్‌నే తినేస్తుంది.

గేరునూనె:
అంత తొందరేంటి? అసలు మీ కేస్‌లో చైన్ ఉందా? న్యూ ప్రాసెస్ 205 లాంటి వాటిలో చైనే ఉండదు, అన్నీ గేర్లే. ముందు కేస్ మీద ట్యాగ్ చూడండి. చైన్ ఉన్నా సరే, ఫోర్ హైలో లోడ్ ముందువైపు షాఫ్ట్, క్రాస్‌లు (షాఫ్ట్ కీళ్ళు), డిఫరెన్షియల్, హబ్‌లు (ముందు చక్రాలను ఆక్సిల్‌కు లాక్ చేసేవి) అన్నిటి మీదా పడుతుంది. ముందువైపు షాఫ్ట్ విప్పేసి ఫోర్ హైలో నడపండి. చప్పుడు పోతే కేస్ మంచిదే.

పాతట్రక్కు:
ట్యాగ్ చూశాను. చైన్ కేసే.

నట్టుబోల్టు:
గేరునూనె గారూ, ఆ టెస్టుతో తేలదు. షాఫ్ట్ విప్పితే చైన్ ఖాళీగా తిరుగుతుంది. లోడే లేనప్పుడు అరిగిన చైన్ కూడా నోరెత్తదు. తప్పు కేస్‌లో ఉన్నా, ముందు ఆక్సిల్లో ఉన్నా చప్పుడు పోతుంది. విప్పాక కూడా మోగితేనే ఆ టెస్టుకు విలువ.

నేనైతే ఇలా చేస్తాను. ఫోర్ హై వేసి, కేస్ ముందువైపు యోక్ (షాఫ్ట్ బిగించే కొస) మీదా వెనక యోక్ మీదా తెల్ల పెయింటుతో గీత గీయాలి, రెండూ ఒకే దిక్కుకు ఉండేలా. పార్ట్‌టైమ్ కేస్‌లో రెండు షాఫ్ట్‌లూ లాక్ అయి సమానంగా తిరుగుతాయి. లివర్ ముట్టుకోకుండా ఆ మట్టి ఎత్తే ఎక్కించి, నాలుగైదు దెబ్బలు వినపడ్డాక ఆపి కిందికి దూరి చూడండి. గీతలు ఒకదానికొకటి తప్పాయా, జారింది కేస్‌లోనే. తప్పకపోతే కేస్ జోలికి వెళ్ళకండి. గట్టి తారు రోడ్డు మీద మాత్రం ఈ పని చేయొద్దు, డ్రైవ్‌లైన్ బిగుసుకుపోతుంది.

స్పానర్‌సెట్:
ఇంత తతంగం ఎందుకండీ? వెనక షాఫ్ట్ కదలకుండా పట్టి, ముందు యోక్ చేత్తో అటూఇటూ తిప్పితే చైన్ లూజు తెలిసిపోదూ?

నట్టుబోల్టు:
లూజు ఉందని తెలుస్తుంది. పాత బండిలో ఎంతో కొంత ఉండనే ఉంటుంది. పళ్ళు దాటేంత ఉందో లేదో చెయ్యి చెప్పలేదు. ఎలాగూ కిందికి దూరుతున్నారు కాబట్టి ఆయిల్ కూడా కాస్త దించి చూడండి. బూడిదరంగు సన్నటి ముద్దకు టెన్షన్ పడక్కర్లేదు. గోటికి తగిలే ముక్కలుంటే మాత్రం స్పానర్‌సెట్ గారి మాటే వినండి.

పాతట్రక్కు:
చేశాను. దెబ్బలు బాగానే వినపడ్డాయి, గీతలు మాత్రం ఎక్కడివక్కడే. ఆయిల్లో ముక్కల్లేవు. అనుమానమొచ్చి ముందు హబ్‌లు విప్పాను. ఎడమ దానిలో గ్రీజు ఎండి గట్టిపడింది, లాక్ అయ్యే పళ్ళ అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. కుడి హబ్ బాగానే ఉంది.

గేరునూనె:
నేను ముందు ఆక్సిల్ వైపు చూడమన్నది అందుకే.

నట్టుబోల్టు:
చూడమన్నారు, నిజమే. చూపించింది మీ టెస్టు కాదు.

స్పానర్‌సెట్:
కొత్త హబ్ వేసి మళ్ళీ అదే ఎత్తు ఎక్కించండి. అప్పటిదాకా నేను చైన్‌ని వదిలిపెట్టను.