భవిత నుంచి మామూలు తరగతికి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గోదారిగట్టు: ఎనిమిదేళ్లు ప్రత్యేక అవసరాల పిల్లల భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీగా, అంటే వాళ్లకి చెప్పే రిసోర్స్ టీచరుగా చేశాను. ఇప్పుడు డీఎస్సీలో ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) పోస్టు వచ్చింది. నాకు మామూలు డీఎడ్, తర్వాత చేసిన స్పెషల్ బీఎడ్ రెండూ ఉన్నాయి. మూడో తరగతి, 34 మంది. మొదటిరోజే ఒక పాప పక్కన నేలమీద కూర్చుని తీసివేత చెప్తున్నాను. తలెత్తేసరికి సగం క్లాసు వరండాలో ఉంది. అందరినీ ఒకేసారి ఎలా పట్టుకుంటున్నారు? ఆర్‌సీఐ (స్పెషల్ టీచర్ల రిజిస్ట్రేషన్) రెన్యువల్ చేయించుకోవాలా, వదిలెయ్యాలా?

చాక్‌పీస్22: 22 ఏళ్ల సర్వీసు నాది, మూడు మండలాలు చూశాను. ఐదుగురు పిల్లలతో నీడపట్టున కూర్చునొచ్చినవాళ్లకు మొదట్లో అలాగే ఉంటుంది. గొంతు పెంచండి, అదే సర్దుకుంటుంది.

ఇసుకపళ్లెం: నీడపట్టునా? మా మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లలు 46 మంది, మేం ఇద్దరం. మంచం దిగలేని పిల్లల ఇళ్లకు బండి మీద తిరగాలి, పెట్రోలు మాదే. వైకల్యం సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకు తీసుకెళ్లేదీ మేమే. ఒక బాబుకి ‘ప’ రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. రోజూ ఇసుకలో వేలు పట్టి రాయించా. మీరొక వారం వచ్చి కూర్చోండి సార్.

చాక్‌పీస్22: సుప్రీంకోర్టు 2021 తీర్పు తర్వాత, ప్రాథమికంలో పదిమంది ఇలాంటి పిల్లలకి ఒక స్పెషల్ టీచరుండాలని కేంద్రం 2022లోనే చెప్పిందిగా. అడగండి మరి.

ఇసుకపళ్లెం: అడుగుతూనే ఉన్నాం. మీ సంఘం ఒక్కసారైనా మాతో వచ్చిందా?

మండువా: మేడమ్, ముందు ఆ ఆరు నెలల కోర్సు చేశారా? లేకపోతే సర్వీసులో ఇబ్బంది పెడతారు.

రూలుబుక్: ఆ కోర్సు స్పెషల్ డీఎడ్, స్పెషల్ బీఎడ్ మాత్రమే ఉండి వచ్చినవాళ్లకి. టీచర్ల అర్హతలు నిర్ణయించే ఎన్‌సీటీఈ 2010 నోటిఫికేషన్ చూడండి. ఆవిడకి మామూలు డీఎడ్ ఉందని పైనే రాశారు.

మండువా: మా బాబాయి కొడుకుని అడిగారు మరి. 2018 డీఎస్సీలో మామూలు బీఎడ్‌తో ఎస్‌జీటీ వచ్చింది వాడికి.

రూలుబుక్: అది బీఎడ్ వాళ్ల ఆరు నెలల కోర్సు. వేరే. 2023 ఆగస్టు సుప్రీంకోర్టు తీర్పుతో బీఎడ్ వాళ్లకి ఎస్‌జీటీ దారే మూసేశారు. రెండూ కలిపేసి జనాన్ని టెన్షన్ పెట్టకండి.

మండువా: వివరం అడిగితే విసుక్కుంటారేంటండీ. మీరొక్కరే చదువుకున్నట్టు.

రూలుబుక్: చదివినవాడినే గనక చెప్తున్నా.

కొత్తబల్ల: నేనూ ఇలాగే వచ్చాను, ఇది రెండో ఏడు. నాకు పనికొచ్చింది భవితలో వాడిన బొమ్మల టైంటేబులే. ఒక పిల్లాడి కోసం చేసింది అట్టముక్క మీద పెద్దగా గీసి గోడకు కట్టా. ప్రార్థన, లెక్కలు, మధ్యాహ్న భోజనం, ఆట. అయిన బొమ్మని బోర్లా తిప్పే పని రోజుకొకరిది. ‘టీచర్, ఎప్పుడొదుల్తారు’ అనే గోల సగం తగ్గింది. కింద కూర్చోవడం మాత్రం మానేశా. వెనుక బల్లల దగ్గర నిలబడి చెప్తా, వాకిలి కనపడుతుంది.

పాతబకాయి: ఎనిమిదేళ్ల కాంట్రాక్టు సర్వీసు ఇంక్రిమెంటుకి లెక్కకు రాదు, గమనించారా? నాకన్నా పదేళ్లు చిన్నమ్మాయి, నేనూ ఒకే బేసిక్ మీద సంతకం పెట్టాం. ఆ రోజు అన్నం సయించలేదు.

ఇసుకపళ్లెం: మాకు ఆ బేసిక్కూ లేదమ్మా.

గోదారిగట్టు: కొత్తబల్ల గారూ, అట్ట ఈ ఆదివారమే చేస్తాను. ఆర్‌సీఐ సంగతి ఎవరూ చెప్పలేదు.

రూలుబుక్: వదలకండి. ఐదేళ్లకోసారేగా. స్పెషల్ పోస్టులు మళ్లీ పడితే ఆ నంబరే అడుగుతారు.

చాక్‌పీస్22: మా స్కూల్లోనూ వినపడని పాప ఒకతి ఉంది, రెండో తరగతి. మిషను పెట్టుకోనంటుంది, తీసి సంచిలో దాచేస్తుంది. ఏం చెయ్యాలి?

ఇసుకపళ్లెం: గొంతు పెంచండి సార్.

కొత్తబల్ల: ఊరుకోండి ఇద్దరూ. సార్, చెవిలో పెట్టే అచ్చు బిగుతైపోయిందేమో చూడండి. పిల్లలు పెరుగుతారు కదా, అది ఒరుసుకుని నొప్పెడుతుంది. కొత్తది పోయించాలి. మీ మండలం భవితలో అడగండి.

మండువా: ఎవరి దగ్గరైనా మూడో తరగతి లెక్కల టీఎల్‌ఎం (బోధన సామగ్రి) పీడీఎఫ్ ఉందా?