పొలం కాగితాల గురించి రాసేటప్పుడు ఆఫీసు మాటలు ఉంచాలా, తీసేయాలా?

గట్టుమీదోడు:
భూమి రికార్డుల మీద రైతుల కోసం నెట్‌లో వ్యాసాలు రాస్తుంటాను. విరాసత్ (వారసుల పేరు మీదికి పట్టా మారడం), సాదాబైనామా, ఖాస్రా పహాణీ (పొలం ఎవరిది, సాగు ఎవరిది అని రాసిన పాత రికార్డు) లాంటి మాటలు చూసి "ఈ నిజాం కాలం మాటలెందుకు, పదో తరగతి పిల్లాడికి అర్థమయ్యేలా రాయొచ్చుగా" అని ఒకాయన గట్టిగానే అన్నారు. మీరేమంటారు?

దూరపుచుట్టం:
ఆయన అన్నదే కరెక్ట్. నేనుండేది బెంగళూరు, నాన్న పేరు మీదున్న పొలం సంగతులు బస్సులో ఫోన్ పట్టుకుని చదువుతాను. రెండు లైన్లలో మూడు తెలియని మాటలు తగిలితే మూసేస్తా. గిడుగు రామమూర్తి గారు వందేళ్ల కిందట కొట్లాడింది దీనికోసమేగా!

ఎర్రనేల:
గిడుగు వారు కొట్లాడింది గ్రాంథికంతోనండీ, రైతు నోట్లో నానే మాటలతో కాదు. పైగా ఖాస్రా పహాణీ 1954–55ది, అప్పటికే నిజాం పాలన పోయింది. సాదాబైనామా అంటే మా ఊళ్లో చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు. రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోలు అని మొదటిసారి వచ్చినచోట ఒక ముక్క చెప్పి, తర్వాత ఆ మాటే వాడాలి, ఎందుకంటే తహసీల్దార్ ఆఫీసులో వినబడేది అదే, నెట్‌లో వెతికేవాళ్లు కొట్టేదీ అదే. దాన్ని పీకేస్తే రాసేవాడికి తేలిక, రైతుకు కౌంటర్ దగ్గర తిప్పలు. నిజంగా తీసేయాల్సినవి వేరే ఉన్నాయి. "భూయాజమాన్య హక్కుల బదలాయింపు ప్రక్రియను చేపట్టవలసి ఉంటుంది" అట! పట్టాలో పేరు మార్పించుకోవాలి అంటే పోయేదానికి.

గుంటూరుకారం:
పహాణీ అంటే మా ఆంధ్రలో అడంగల్ అనే రికార్డే అని తెలియడానికే నాకు టైం పట్టింది. మాటలు సరే, అంకెలు చూడండి. తెలంగాణలో 2-20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. మా వైపు 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. అక్కడ ఎకరానికి 40 గుంటలు, ఇక్కడ 100 సెంట్లు. కష్టమైన మాట ఒక్కటీ లేదు, అయినా 30 సెంట్లు గల్లంతు.

దూరపుచుట్టం:
సరే, సాదాబైనామా ఉంచండి. కానీ అర్థం ఒక్కచోట చెబితే చాలదు. గూగుల్లో వెతికి వచ్చినవాళ్లు కిందకి జరుపుకుంటూ నేరుగా మధ్యలో దిగుతారు, పైన ఏం రాశారో ఎవరు చూస్తారు?

ఎర్రనేల:
ప్రతి పేరాలో చెబితే తెలిసినవాడికి విసుగు. చిన్న హెడ్డింగ్ మారినప్పుడల్లా ఒకసారి, అంతే.

గట్టుమీదోడు:
పహాణీ, అడంగల్ రెండూ రాస్తా. విస్తీర్ణం పక్కన గుంటలో సెంట్లో కచ్చితంగా పెడతా. మరి ఫౌతి, అంటే పట్టాదారు చనిపోవడాన్ని ఆఫీసులో అనే మాట, దాని సంగతి ఎవరూ ఎత్తలేదే, అదీ ఉంచమంటారా?