జెలెజ్నీ 98.48 రికార్డు ఇన్నేళ్లు ఎలా నిలబడింది?

జావెలిన్_పిచ్చి:
2025 మేలో నీరజ్ చోప్రా దోహాలో 90.23 వేసినప్పుడు ఆయన కోచ్ చెక్ జావెలిన్ త్రోయర్ యాన్ జెలెజ్నీ అని విని ఆయన గురించి చదవడం మొదలెట్టా. మూడు ఒలింపిక్ గోల్డ్‌లు, పైగా 1996లో జర్మనీలోని యెనాలో వేసిన 98.48 మీటర్లు ఇప్పటికీ వరల్డ్ రికార్డే! ట్రైనింగ్, సైన్స్ ఇంత పెరిగాక కూడా ఎవరూ ఎందుకు దాటలేకపోతున్నారు?

రనప్:
ఆయన మరీ భారీ మనిషేం కాదండి, ఎత్తు 1.85 మీటర్లు, త్రోయర్లలో అది పెద్ద లెక్కలోకి రాదు. అసలు సంగతి స్పీడ్. పరిగెత్తుకొచ్చిన వేగం పోకుండా ఎడమ కాలు నిటారుగా దిగ్గొట్టి బ్లాక్ చేస్తాడు, ఆ వేగమంతా నడుములోంచి భుజానికి ఎక్కుతుంది, చెయ్యి మాత్రం చివరిదాకా వెనకే ఉండి కొరడా ఝళిపించినట్టు వస్తుంది. స్లో మోషన్‌లో ఆ ఎడమ మోకాలు చూడండి. చాలామందికి అక్కడ వంగిపోతుంది, వంగిందంటే వేగం పోయినట్టే.

పాత_స్కోర్లు:
జావెలిన్ కూడా మారింది కదా. 1984లో తూర్పు జర్మనీ త్రోయర్ ఊవే హోన్ 104.80 వేశాడు, ఇంకాస్త వేస్తే గ్రౌండ్ చాలదు, దానికి తోడు ముక్కు గుచ్చుకోకుండా బల్లపరుపుగా పడితే త్రో చెల్లుతుందా లేదా అని గొడవలు, అందుకే 1986లో మగవాళ్ల జావెలిన్ బరువు కేంద్రాన్ని 4 సెంటీమీటర్లు ముందుకి జరిపారు. రికార్డులు మళ్లీ మొదట్నుంచి. జెలెజ్నీది ఈ కొత్తదాంతోనే. దగ్గరికొచ్చింది జర్మనీ వెట్టర్ ఒక్కడే, 2020లో 97.76. లిస్టులో వెట్టర్ తర్వాత ఇంకో జర్మన్ రోలర్, 93.90, అంటే ఎంత గ్యాప్ ఉందో చూడండి.

సిడ్నీ2000:
నాకు రికార్డు కన్నా ఆయన కెరీరే ఎక్కువ ఇష్టం. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 84.12తో లీడ్‌లో ఉంటే ఫిన్లాండ్ కోర్యుస్ ఆఖరి త్రోలో 84.28 వేసి గోల్డ్ ఎగరేసుకుపోయాడు, 16 సెంటీమీటర్లు అంతే!! ఆ తర్వాత బార్సిలోనా, అట్లాంటా రెండూ ఈయనవే. 1998లో భుజానికి సర్జరీ, త్రోయర్‌కి భుజం పోతే ఇంకేముంది చెప్పండి, అయినా 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కి వచ్చాడు, అప్పటికి వయసు 34. రెండో రౌండ్‌లో బ్రిటన్ బ్యాక్లీ 89.85తో ఒలింపిక్ రికార్డు కొట్టాడు. మూడో రౌండ్‌లోనే ఈయన 90.17. ఆ త్రో ఎన్నిసార్లు చూసినా ఒళ్లు పులకరిస్తుంది.

జావెలిన్_పిచ్చి:
థాంక్స్ అందరికీ, సియోల్ సంగతి అస్సలు తెలీదు. మరి నీరజ్ 95 దాకా వెళ్లగలడంటారా?

రనప్:
90 దాటాక ఒక్కో మీటరూ గగనమే బ్రో. నీరజ్‌కి స్పీడ్ బాగానే ఉంది, కానీ వదిలేటప్పుడు ఒళ్లు ఎడమపక్కకి ఒరిగిపోతుంది, కొంత బలం అక్కడే పోతోందని నా అభిప్రాయం. అది సరిచేసుకుంటే ఇంకో రెండు మీటర్లు ఖాయం, 95 అంటే మాత్రం నేను గట్టిగా చెప్పలేను.